వేల కోట్ల ఫైన్ వేశాక మన ఫోన్‌లో ఏం మారింది?

2022 అక్టోబర్‌లో ఐదు రోజుల తేడాతో మార్కెట్‌లో పోటీని కాపాడే మన కాంపిటీషన్ కమిషన్, అదే సీసీఐ, గూగుల్‌కి రెండు ఫైన్లు వేసింది. 20వ తారీఖున ఆండ్రాయిడ్ కేసులో 1,337.76 కోట్లు, 25న ప్లే స్టోర్ కేసులో 936.44 కోట్లు, రెండూ కలిపితే 2,274 కోట్ల పైమాట. అంత డబ్బు మనలాంటి వాళ్ళకి ఊహకి కూడా అందదు కాబట్టి గట్టిగానే తగిలింది అనుకున్నారు అందరూ. ఒక్కసారి లెక్క వేసి చూడండి. గూగుల్ పేరెంట్ కంపెనీ ఆల్ఫాబెట్‌కి 2022లో వచ్చిన నికర లాభం దాదాపు 6,000 కోట్ల డాలర్లు, 365తో భాగిస్తే రోజుకి 16.4 కోట్ల డాలర్లు. మన 1,337 కోట్ల రూపాయలు అప్పటి రేటులో 16.2 కోట్ల డాలర్లు. అంటే ఏళ్ళ తరబడి దేశం మొత్తం మీద నడిచిన ఒక వ్యవహారానికి పడిన శిక్ష ఆ కంపెనీకి ఒక్క రోజు లాభం, అది కూడా పూర్తిగా కాదు.

వాట్సాప్ ప్రైవసీ పాలసీ కేసు ఇంకా చిన్నది. 2021లో "ఒప్పుకుంటేనే యాప్ వాడాలి" అని మన డేటాని మెటా గ్రూపులోని మిగతా కంపెనీలతో పంచుకునే రూల్ తెచ్చారు కదా, దానికి 2024 నవంబర్‌లో సీసీఐ మెటా మీద వేసింది 213.14 కోట్లు. ఆ ఏడాది మెటా లాభంతో పోలిస్తే అది మూడున్నర గంటల సంపాదన. యూరప్ వాళ్ళు మనకంటే గట్టిగా కొడతారు, 2018లో ఇదే ఆండ్రాయిడ్ విషయంలో గూగుల్‌కి 434 కోట్ల యూరోలు వేశారు (తర్వాత కోర్టు 412.5 కోట్లకి తగ్గించింది), అది కూడా ఆ సంవత్సరం లెక్కలో రెండు నెలల లాభం.

ఇది చూసి "ఫైన్లన్నీ వేస్ట్, కంపెనీలకి చిల్లర ఖర్చు" అని తేల్చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు, నేను ఒప్పుకోను. ఎందుకంటే ఇలాంటి ఆర్డర్లలో ఫైన్ ఒక భాగం మాత్రమే, దానితో పాటు "ఇకమీద ఇది చెయ్యొద్దు, ఇది ఇలా మార్చు" అని డైరెక్షన్లు ఉంటాయి, కంపెనీల లాయర్లు ప్రాణం పెట్టి పోరాడేది వాటి మీదే. పేపర్లో హెడ్డింగ్ మాత్రం అంకె మీద వస్తుంది, డైరెక్షన్లు ఏమయ్యాయో తర్వాత ఎవరూ రాయరు.

ఇంతకీ ఆండ్రాయిడ్ కేసులో గూగుల్ చేసిందేంటి? పెద్దగా ఎదగడం మన చట్టంలో తప్పు కాదు, ఇది ముందు బుర్రలో పెట్టుకోవాలి. 1969 నాటి ఎంఆర్‌టీపీ చట్టం కంపెనీ సైజునే అనుమానంగా చూసేది, దాన్ని తీసేసి తెచ్చిన 2002 కాంపిటీషన్ యాక్ట్ అలా చూడదు. సెక్షన్ 4 అడిగేది ఒకటే, మార్కెట్‌లో నీకున్న బలాన్ని అడ్డం పెట్టుకుని పోటీదారుడికి దారి మూసేశావా లేదా అని. మన దేశంలో స్మార్ట్‌ఫోన్లలో నూటికి 95 పైనే ఆండ్రాయిడ్ కాబట్టి బలం ఉందా అన్నది పెద్ద చర్చే కాదు, దాన్ని ఎలా వాడారు అన్నదే కేసు.

అది తెలియాలంటే ఫోన్ తయారుచేసే కంపెనీ కుర్చీలో కూర్చుని చూడాలి. ఆండ్రాయిడ్ ఓపెన్ సోర్స్, ఎవరైనా ఫ్రీగా తీసుకుని వాడుకోవచ్చు. కానీ ప్లే స్టోర్ లేని ఫోన్ మన మార్కెట్‌లో ఎవరు కొంటారు? ఫోన్‌పే కావాలి, బ్యాంక్ యాప్ కావాలి, పిల్లల స్కూల్ యాప్ కావాలి, అన్నీ అక్కడే ఉన్నాయి. ఆ ప్లే స్టోర్ మాత్రం ఫ్రీగా తీసుకునేది కాదు, గూగుల్‌తో అగ్రిమెంట్ మీద సంతకం పెడితేనే ఇస్తారు. మాడా (మొబైల్ అప్లికేషన్ డిస్ట్రిబ్యూషన్ అగ్రిమెంట్) అని పిలిచే ఆ అగ్రిమెంట్ ప్రకారం అప్పట్లో ప్లే స్టోర్ ఒక్కటే ఇవ్వమంటే కుదిరేది కాదు, సెర్చ్, క్రోమ్, యూట్యూబ్, మ్యాప్స్, జీమెయిల్ అన్నీ కలిపి కట్టగా వేసుకోవాల్సి వచ్చేది, సెర్చ్ బార్ హోమ్ స్క్రీన్ మీదే ఉండాల్సి వచ్చేది, కొన్న మనిషి వాటిని పూర్తిగా తీసేయడానికి కూడా వీలుండేది కాదు. కొత్త ఫోన్ ఆన్ చెయ్యగానే మొదటి పేజీలో కనపడే ఆ సెర్చ్ బార్ ఎవరో డిజైనర్ అందంగా ఉంటుందని పెట్టింది కాదు, కాంట్రాక్ట్‌లో ఉన్న షరతు అది.

మాడా కావాలంటే ముందు ఇంకో కాగితం మీద సంతకం పెట్టాల్సి వచ్చేది. దాని పేరు యాంటీ ఫ్రాగ్మెంటేషన్ అగ్రిమెంట్. ఆండ్రాయిడ్‌ని ఎవరైనా తమకి నచ్చినట్టు మార్చి వేరే వెర్షన్ తయారుచేస్తే, అలాంటి వెర్షన్‌తో ఒక్క మోడల్ కూడా అమ్మకూడదు అని దాని సారాంశం. అంటే ఒక కంపెనీ పది మోడళ్ళు గూగుల్ ఆండ్రాయిడ్‌తో అమ్ముతూ పదకొండోది అమెజాన్ ఫైర్ ఓఎస్ లాంటి దానితో తెద్దాం అనుకుంటే మొత్తం పది మోడళ్ళకీ ప్లే స్టోర్ పోయే ప్రమాదం. ఆ రిస్క్ ఎవరు తీసుకుంటారు. మూడోది రెవెన్యూ షేరింగ్, వేరే సెర్చ్ ఇంజిన్ పెట్టకుండా మాదే ఉంచితే యాడ్స్ మీద వచ్చేదాంట్లో నీకు వాటా ఇస్తాం అని. ఒక్కో కాగితం విడిగా చూస్తే మామూలు బిజినెస్ ఒప్పందంలానే ఉంటుంది, మూడూ పక్కపక్కన పెట్టి చూస్తేనే ఎక్కడా సందు లేదని అర్థమవుతుంది.

ఈ ఫిర్యాదు చేసింది పెద్ద కంపెనీలేం కాదు అన్నది నాకు చాలా నచ్చిన విషయం. కాంపిటీషన్ చట్టం మీద పనిచేసే ఇద్దరు జూనియర్ రీసెర్చర్లు, ఒక లా స్టూడెంట్ కలిసి 2018లో పెట్టిన అర్జీ అది. 2019 ఏప్రిల్‌లో సీసీఐ దర్యాప్తుకి ఆదేశించింది, ఆర్డర్ వచ్చేసరికి 2022 అక్టోబర్ అయ్యింది.

డిఫాల్ట్‌గా, అంటే మనం ఎంచుకోకుండానే ముందే పెట్టి ఉండటం అంత గొప్ప విషయమా, నచ్చకపోతే మార్చుకోవచ్చు కదా అని అడిగేవాళ్ళుంటారు. దీనికి జవాబు అమెరికా కోర్టులో దొరికింది. 2020 అక్టోబర్‌లో అక్కడి న్యాయ శాఖ గూగుల్ సెర్చ్ మీద వేసిన కేసు 2023లో విచారణకి వచ్చింది, అప్పుడు బయటపడిన ఒక అంకె ఇన్నేళ్ళ వాదనలన్నిటికంటే గట్టిగా మాట్లాడింది. ఫోన్లలో, బ్రౌజర్లలో తమ సెర్చ్ డిఫాల్ట్‌గా ఉండటం కోసం గూగుల్ 2021 ఒక్క సంవత్సరంలో చెల్లించింది 2,630 కోట్ల డాలర్లు. ఆపిల్ ఒక్కదానికే 2022లో 2,000 కోట్ల డాలర్లు. జనం ఎలాగూ మాదే ఎంచుకుంటారు అని నిజంగా నమ్మే కంపెనీ ఆ నమ్మకం మీద ఏడాదికి ఇంత ఎందుకు ఖర్చు పెడుతుంది? యూరప్ 2017, 2018, 2019లో గూగుల్ మీద వేసిన మూడు పెద్ద ఫైన్లు కలిపితే 825 కోట్ల యూరోలు. మూడేళ్ళ ఫైన్లు మొత్తం కలిపినా ఒక్క ఏడాది డిఫాల్ట్ ఖర్చులో సగం కూడా లేవు (పైగా మూడోదాన్ని 2024లో కోర్టు కొట్టేసింది కూడా). ఏ కంపెనీ అయినా ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుని చూస్తుంది కదా, ఫైన్ కట్టడం మేలా, పద్ధతి మార్చుకోవడం మేలా అని.

ఆ విచారణలో మన హైదరాబాద్ సత్య నాదెళ్ల కూడా సాక్షిగా వచ్చారు. ఓపెన్ వెబ్ అని అందరూ అంటారు గానీ నిజానికి ఉన్నది గూగుల్ వెబ్ అని ఆయన కోర్టులో చెప్పారు. మైక్రోసాఫ్ట్ సీఈఓ అలా చెప్పడంలో ఆయన స్వార్థం ఆయనకి ఉంది, తమ సెర్చ్ ఇంజిన్ బింగ్ అమ్ముకోవాలి కదా, అయినా అంత డబ్బూ అంత టెక్నాలజీ ఉన్న కంపెనీయే ఆ గోడ దాటలేకపోయాం అంటుంటే చిన్నవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. 2024 ఆగస్టు 5న జడ్జి అమిత్ మెహతా సెర్చ్‌లో గూగుల్ చట్టవిరుద్ధంగా గుత్తాధిపత్యం నిలబెట్టుకుంది అని తీర్పు ఇచ్చారు. మరి శిక్ష? 2025 సెప్టెంబర్‌లో వచ్చిన రెండో తీర్పులో క్రోమ్ అమ్మేయాలి అన్న ప్రభుత్వ కోరికని ఆయన కాదన్నారు, డిఫాల్ట్ కోసం డబ్బులివ్వడాన్ని కూడా పూర్తిగా ఆపలేదు, ఎక్స్‌క్లూజివ్ ఒప్పందాలు కుదరవు, కొంత సెర్చ్ డేటా పోటీదారులకి ఇవ్వాలి అన్నారు. నేరం రుజువైనా వైద్యం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి వణుకుతుంది అనిపించింది నాకు, ఏఐ వచ్చి మార్కెట్ మారిపోతోంది కదా అన్నది ఆయన వాదనలో ఒక భాగం, అందులో కొంత నిజం లేకపోలేదు.

ఇప్పుడు ఫైన్ లెక్క ఎలా కడతారో చూద్దాం, ఇక్కడ మనవాళ్ళకి బాగా తెలిసిన ఒక వస్తువు వస్తుంది. ఎఫ్‌సీఐ గోదాముల్లో ధాన్యం పురుగు పట్టకుండా అల్యూమినియం ఫాస్ఫైడ్ టాబ్లెట్లు పెడతారు తెలుసు కదా. ఆ టాబ్లెట్ల టెండర్లలో మూడు కంపెనీలు కుమ్మక్కై ఒకే రేటు కోట్ చేశాయని సీసీఐ ఫైన్ వేసింది. చట్టంలో మూడేళ్ళ సగటు టర్నోవర్‌లో పది శాతం దాకా వెయ్యొచ్చు అని ఉంది. కానీ కంపెనీలు మేము ఇంకా చాలా మందులు అమ్ముతాం, వాటికీ ఈ కేసుకీ సంబంధం ఏంటి అని వెళ్ళాయి. 2017లో సుప్రీంకోర్టు ఎక్సెల్ క్రాప్ కేర్ కేసులో, తప్పు జరిగిన ప్రోడక్ట్ టర్నోవర్ మీదే లెక్క కట్టాలి, కంపెనీ మొత్తం టర్నోవర్ మీద కాదు అని చెప్పింది. పురుగుమందు కంపెనీ విషయంలో అది న్యాయమే, ఏ సరుకు అమ్మకం ఎంతో బిల్లు పుస్తకం చూస్తే తెలుస్తుంది.

అదే సూత్రం టెక్ కంపెనీకి పెట్టేసరికి చిక్కు వస్తుంది. ఆండ్రాయిడ్ ఫ్రీ, సెర్చ్ ఫ్రీ, మ్యాప్స్ ఫ్రీ, డబ్బు వచ్చేది ఎక్కడో యాడ్స్ మీద. మరి తప్పు జరిగిన ప్రోడక్ట్ టర్నోవర్ ఎంత అనాలి, సున్నా అనాలా? సీసీఐ ఇవన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉన్న ఒకే వ్యవస్థ కాబట్టి ఇండియాలో గూగుల్‌కి వచ్చేదంతా లెక్కలోకి వస్తుంది అంది. ఆండ్రాయిడ్‌లో పది శాతం, ప్లే స్టోర్‌లో ఏడు శాతం వేసింది, కావాలంటే కాలిక్యులేటర్ తీయండి, 1,337.76 కోట్లు పది శాతం అయితే మొత్తం 13,377 కోట్లు, దాంట్లో ఏడు శాతం దాదాపు 936.44 కోట్లు, అంటే రెండు కేసుల్లోనూ ఒకటే బేస్. దీని మీద అప్పీలుకి వెళ్తే ఎన్‌సీఎల్‌ఏటీ (సీసీఐ ఆర్డర్ల మీద అప్పీళ్ళు వినే ట్రిబ్యునల్) 2025 మార్చిలో ప్లే స్టోర్ కేసులో తప్పు జరిగిందనే చెప్పింది, ఫైన్ మాత్రం ప్లే స్టోర్ టర్నోవర్ వరకే లెక్క కట్టి 216.69 కోట్లకి దించేసింది. నేరం అలాగే ఉంది, శిక్షలో నాలుగింట మూడు వంతులు పోయింది.

ఇక డైరెక్షన్లకి వద్దాం. ఆండ్రాయిడ్ ఆర్డర్‌లో ఫైన్‌తో పాటు పది డైరెక్షన్లు ఉన్నాయి. గూగుల్ ముందు ఎన్‌సీఎల్‌ఏటీకి, తర్వాత సుప్రీంకోర్టుకి స్టే కోసం వెళ్ళింది, 2023 జనవరి 19న సుప్రీంకోర్టు స్టే ఇవ్వనంది. ఆ తర్వాత వారం లోపే గూగుల్ మార్పులు ప్రకటించింది, ఫోన్ కంపెనీలు ఇక యాప్స్ విడివిడిగా లైసెన్స్ తీసుకోవచ్చు, కొత్త ఫోన్ సెటప్‌లో ఏ సెర్చ్ ఇంజిన్ కావాలో అడుగుతారు అని. గమనించండి, ఫైన్ పడ్డాక మూడు నెలలు ఏమీ కదల్లేదు, స్టే రాదని తేలాక వారంలో కదిలింది. నా వాదన అంతా ఈ ఒక్క వారంలో ఉంది.

కానీ 2023 మార్చి 29న ఎన్‌సీఎల్‌ఏటీ తీర్పు వచ్చింది. ఫైన్ మొత్తం ఉంచింది, టీవీల్లో అదే చెప్పారు. అదే తీర్పులో పది డైరెక్షన్లలో నాలుగు కొట్టేసింది, అది పెద్దగా ఎవరూ చెప్పలేదు. ఆ నాలుగూ ఏవంటే, ముందే వేసి ఇచ్చిన గూగుల్ యాప్స్‌ని తీసేసుకునే వీలు కల్పించాలి అన్నది ఒకటి, వెబ్‌సైట్ నుంచి నేరుగా యాప్ దించుకునేవాళ్ళకి అడ్డుపడొద్దు అన్నది ఒకటి, ప్లే సర్వీసెస్‌కి సంబంధించిన ఏపీఐలు (యాప్‌లు గూగుల్ సౌకర్యాలని వాడుకునే దారులు) మిగతావాళ్ళకి కూడా ఇవ్వాలి అన్నది ఒకటి, నాలుగోది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది, వేరే యాప్ స్టోర్లని ప్లే స్టోర్ ద్వారా ఇన్‌స్టాల్ చేసుకోనివ్వాలి అన్నది. 2024 ఫిబ్రవరిలో ఫోన్‌పే వాళ్ళు ఇండస్ యాప్‌స్టోర్ అని తెలుగుతో సహా పన్నెండు భారతీయ భాషల్లో పనిచేసే స్టోర్ మొదలుపెట్టారు. ఇంగ్లీష్ రాని మన ఇంటి పెద్దవాళ్ళు తెలుగులో వెతికి యాప్ వేసుకోగలిగే స్టోర్ అది. దాన్ని మీ అమ్మగారి ఫోన్‌లో పెట్టాలంటే ప్లే స్టోర్‌లో వెతికితే దొరకదు, వెబ్‌సైట్‌కి వెళ్ళి ఫైల్ దించి, తెలియని సోర్స్ ప్రమాదం అని వచ్చే హెచ్చరికలు దాటుకుని, సెట్టింగ్స్‌లో పర్మిషన్ ఇచ్చి వేసుకోవాలి. సెక్యూరిటీకి ఆ హెచ్చరికలు అవసరమే, ఇలా బయటి నుంచి దించుకునే యాప్ ఫైళ్ళతో (ఏపీకే) మోసపోతున్నవాళ్ళని రోజూ చూస్తున్నాం. సరిగ్గా అందుకే మంచి స్టోర్‌కి ప్లే స్టోర్‌లోనే చోటు ఇమ్మన్నది ఆ డైరెక్షన్. కొట్టేసిన దాంట్లో అది పోయింది, రెండు వైపులా సుప్రీంకోర్టుకి వెళ్ళారు.

ప్లే స్టోర్ కేసు డబ్బు గురించి. మీరు హైదరాబాద్‌లో నలుగురితో కలిసి తెలుగు ఆడియో కథల యాప్ ఒకటి నడుపుతున్నారు అనుకోండి, నెలకి 100 రూపాయల సబ్‌స్క్రిప్షన్. గూగుల్ బిల్లింగ్ వాడితే సబ్‌స్క్రిప్షన్ మీద 15 రూపాయలు వాళ్ళకి పోతాయి, వేరే రకం అమ్మకాలయితే కంపెనీ సైజుని బట్టి 30 దాకా. సీసీఐ ఏమంది, డెవలపర్లని మీ బిల్లింగే వాడమని బలవంతం చెయ్యొద్దు, వేరేవాళ్ళ పేమెంట్ సిస్టమ్ వాడుకోనివ్వండి అని. గూగుల్ సరే అంది, యూజర్ చాయిస్ బిల్లింగ్ అని పెట్టింది. దాంట్లో కస్టమర్ వేరే గేట్‌వేలో కడితే మీ కమిషన్‌లో 4 శాతం తగ్గిస్తారు, అంటే 15 కాస్తా 11 అవుతుంది, 30 అయితే 26. పేమెంట్ గేట్‌వేకి మీరు విడిగా ఒకటో రెండో రూపాయలు కట్టుకోవాలి, రెండు సిస్టమ్స్ మెయింటెయిన్ చేసే ఇంజనీర్ జీతం మీదే, రీఫండ్ గొడవలు మీవే. చివరికి మిగిలేది రెండు మూడు రూపాయలు, దానికోసం ఎవరు మారతారు? ఆర్డర్ అమలైంది, కాగితం మీద చాయిస్ ఉంది, ఆ చాయిస్ వాడుకుంటే ఏమీ కలిసిరాకుండా రేటు కట్టారు.

ఇది గూగుల్ ఒక్కదాని అలవాటు కాదు. అమెరికాలో ఎపిక్ గేమ్స్ అనే గేమ్‌ల కంపెనీ వేసిన కేసులో యాప్ నుంచి బయట వెబ్‌సైట్‌కి లింక్ పెట్టుకోనివ్వండి అని 2021లో కోర్టు ఆపిల్‌కి చెప్పింది. ఆపిల్ లింక్ పెట్టుకోనిచ్చింది, ఆ లింక్ మీద వెళ్ళి కొన్నదానికి కూడా 27 శాతం కమిషన్ పెట్టింది. 30కి 27. జడ్జి ఇవాన్ గొంజాలెజ్ రోజర్స్ 2025 ఏప్రిల్‌లో ఇది కావాలని చేసిన కోర్టు ధిక్కారం అని తేల్చి, క్రిమినల్ విచారణ అవసరమేమో చూడమని ప్రాసిక్యూటర్లకి పంపారు.

డెవలపర్లు ఎదురు తిరిగితే ఏమవుతుందో మనవాళ్ళు కళ్ళారా చూశారు. కొన్ని భారతీయ కంపెనీలు ఈ కమిషన్ కట్టం అని కోర్టుల్లో పోరాడుతూ వచ్చాయి, 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఊరట ఇవ్వలేదు. మార్చి 1న గూగుల్ పది కంపెనీల మీద చర్య మొదలుపెట్టింది, భారత్ మ్యాట్రిమొనీ, నౌకరీ, షాదీ, కుకు ఎఫ్ఎం, మన హైదరాబాద్ కంపెనీ క్వాక్‌క్వాక్ లాంటి యాప్స్ ప్లే స్టోర్ నుంచి మాయమయ్యాయి. ఉద్యోగం వెతికేవాళ్ళకి, సంబంధాలు చూసేవాళ్ళకి ఆ రోజు అవి దొరకలేదు. ఐటీ మంత్రి అశ్వినీ వైష్ణవ్ కలగజేసుకున్నాక కొద్ది రోజుల్లో తిరిగి వచ్చాయి. గూగుల్ వాదన కూడా చెప్పాలి, స్టోర్ నడపడానికి ఖర్చుంది, రెండు లక్షల పైన డెవలపర్లు రూల్స్ పాటిస్తుంటే కొందరికే మినహాయింపు ఎలా అని. వాదనగా అది తీసిపారేయదగ్గది కాదు. నా అభ్యంతరం ఆ అధికారం మీద, ఒక దేశంలో ఉద్యోగాలూ పెళ్ళిళ్ళూ వెతుక్కునే యాప్స్ కనపడాలా వద్దా అన్నది ఒక కంపెనీ శుక్రవారం పూట నిర్ణయించగలిగింది, దాన్ని వెనక్కి తిప్పడానికి చట్టం సరిపోలేదు, మంత్రిగారు ఫోన్ ఎత్తాల్సి వచ్చింది. ప్రతి చిన్న కంపెనీకీ మంత్రి దొరకడు.

ఆండ్రాయిడ్ విషయంలో కూడా గూగుల్ వైపు ఒక బలమైన మాట ఉంది. పది వేల లోపు ఫోన్ మన ఊళ్ళలో ఆటో డ్రైవర్ చేతిలోకి, కౌలు రైతు చేతిలోకి వచ్చిందంటే ఫ్రీగా దొరికిన ఆండ్రాయిడ్ వల్లే, రూల్స్ మారిస్తే ఫోన్ల ధరలు పెరుగుతాయి, సెక్యూరిటీ తగ్గుతుంది అని 2023 జనవరిలో వాళ్ళే చెప్పారు. మొదటి సగం నిజం, ఎవరూ కాదనలేరు. రెండో సగం కోసం చూస్తున్నాం, మార్పులు వచ్చి ఏళ్ళు గడిచాయి, చవక ఫోన్లు దీనివల్ల మార్కెట్ నుంచి మాయమైంది ఎక్కడా లేదు.

ఆర్డర్ ఇచ్చాక దాని మీద కన్నేసి ఉంచకపోతే ఏమవుతుందో చెప్పడానికి మైక్రోసాఫ్ట్ కథ ఒకటి చాలు. విండోస్‌లో ఏ బ్రౌజర్ కావాలో ఎంచుకునే స్క్రీన్ చూపిస్తాం అని 2009లో యూరప్‌కి మాట ఇచ్చారు. 2011 మే నుంచి 2012 జులై దాకా విండోస్ 7 సర్వీస్ ప్యాక్ 1లో ఆ స్క్రీన్ రాలేదు, దాదాపు కోటిన్నర మందికి కనపడలేదు. టెక్నికల్ పొరపాటు అన్నారు. పధ్నాలుగు నెలలు రెగ్యులేటర్ కూడా కనిపెట్టలేదు, 2013లో 56.1 కోట్ల యూరోలు ఫైన్ పడింది. ఆ ఫైన్ మొదటి తప్పుకి కాదు, ఇచ్చిన మాట తప్పినందుకు. నాకు తెలిసి ఫైన్ సరిగ్గా పనిచేసేది ఇలాంటి చోటే, డైరెక్షన్‌కి కాపలాగా.

మైక్రోసాఫ్ట్ మీద అంతకుముందు నడిచిన వేరే కేసు ఇంకో సంగతి కూడా చెప్తుంది. అమెరికాలో 2000 జూన్‌లో మైక్రోసాఫ్ట్‌ని రెండు ముక్కలు చెయ్యమని జడ్జి ఆర్డర్ ఇచ్చారు, ఏడాదికి అప్పీల్ కోర్టు కొట్టేసింది, చివరికి రాజీ. కేసు ఓడిపోయింది అంటారు చాలామంది, కానీ ఆ ఏళ్ళల్లో ప్రతి అడుగూ లాయర్లని అడిగి వెయ్యాల్సి వచ్చిన మైక్రోసాఫ్ట్ పక్కన అప్పుడే పుట్టిన గూగుల్‌కి ఊపిరాడే జాగా దొరికింది అన్నది గట్టి వాదన, నేనూ దాన్ని నమ్ముతాను. అప్పుడు అలా లాభపడిన గూగుల్ ఇప్పుడు బోనులో ఉంది.

అసలు సమస్య టైం. తప్పు జరిగాక ఫిర్యాదు, ఫిర్యాదు మీద దర్యాప్తు, ఆర్డర్, ఎన్‌సీఎల్‌ఏటీ, సుప్రీంకోర్టు, ఇదంతా అయ్యేసరికి ఎనిమిది పదేళ్ళు. యూరప్‌లో గూగుల్ షాపింగ్ ఆర్డర్ (సెర్చ్‌లో ధరలు పోల్చే వేరే సైట్లని వెనక్కి నెట్టి సొంత సర్వీస్‌ని పైన చూపించిందన్న కేసు) 2017లో వస్తే ఆఖరి కోర్టులో తేలింది 2024 సెప్టెంబర్‌లో. ఈలోపు ఆ ధరలు పోల్చే సైట్లలో ఎన్ని మిగిలి ఉంటాయి? అందుకే యూరప్ వాళ్ళు పద్ధతి మార్చి డిజిటల్ మార్కెట్స్ యాక్ట్ తెచ్చారు, పెద్ద కంపెనీలని ముందే గుర్తించి చెయ్యాల్సినవీ చెయ్యకూడనివీ ముందే రాసిపెట్టారు. 2024 మార్చి నుంచి కంపెనీలు వాటిని పాటించాల్సి వచ్చింది. దాని కింద 2025 ఏప్రిల్‌లో ఆపిల్‌కి పడింది 50 కోట్ల యూరోలు, మెటాకి 20 కోట్లు, పాత ఫైన్లతో పోలిస్తే చిన్నవే. కానీ జర్మనీలో ఉన్న మన తెలుగు కుర్రాడి ఐఫోన్‌లో ఇప్పుడు వేరే యాప్ స్టోర్ వేసుకోవచ్చు, హైదరాబాద్‌లో వాళ్ళ చెల్లెలి దగ్గరున్న అదే మోడల్‌లో కుదరదు. మన దగ్గర కూడా అలాంటి డిజిటల్ కాంపిటీషన్ బిల్లు డ్రాఫ్ట్ 2024 మార్చిలో బయటపెట్టారు, పెద్ద కంపెనీలే కాదు కొన్ని మన స్టార్టప్‌లు కూడా మమ్మల్నీ ఇందులో ఇరికిస్తారేమో అని అభ్యంతరం చెప్పాయి, అది చట్టం అవ్వలేదు.

ఈలోపు ఫైన్ లెక్కలో మాత్రం ఒక పెద్ద మార్పు జరిగింది. 2023లో చట్టాన్ని సవరించి టర్నోవర్ అంటే ప్రపంచవ్యాప్త టర్నోవర్ అని రాశారు, 2024 మార్చిలో అమల్లోకి తెచ్చారు. లెక్క మామూలుగా తప్పు జరిగిన వ్యాపారం టర్నోవర్‌తోనే మొదలవుతుంది, గరిష్ఠ పరిమితి మాత్రం కంపెనీకి ప్రపంచం మొత్తం మీద వచ్చే టర్నోవర్‌లో పది శాతం, సంబంధిత టర్నోవర్ తేల్చలేకపోతే నేరుగా ప్రపంచ టర్నోవరే తీసుకోవచ్చు. ఫ్రీ యాప్స్ దగ్గర వచ్చిన ఆ పాత చిక్కుకి ఇది జవాబు. ఆపిల్ యాప్ స్టోర్ మీద సీసీఐ దగ్గర కేసు నడుస్తోంది, 2025 నవంబర్‌లో ఆపిల్ ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళి ఈ రూలే చెల్లదు అని పిటిషన్ వేసింది, దీని ప్రకారం తమ మీద 3,800 కోట్ల డాలర్ల దాకా ఫైన్ పడొచ్చు అని వాళ్ళే రాసుకొచ్చారు. ఇండియాలో జరిగినదానికి ప్రపంచ టర్నోవర్ లెక్కేంటి అన్న వాళ్ళ ప్రశ్న కోర్టు వినాల్సిందే, అంత ఫైన్ నిజంగా పడుతుందని నేను కూడా అనుకోను. కానీ 1,337 కోట్లు ఒక్క రోజు లాభం అయిన చోట, ఫైన్ పడకముందే, కేవలం ఫార్ములా మీద ఒక కంపెనీ కోర్టు మెట్లెక్కడం ఇండియాలో ఇదే నేను చూడటం. ఆ తీర్పు వచ్చిన రోజు టీవీల్లో అంకె కోసం వెతుకుతారు, మీరు మాత్రం ఫార్ములా నిలబడిందా లేదా, యాప్ స్టోర్ గురించి ఆపిల్‌ని ఏం మార్చమన్నారు, ఎన్ని రోజుల్లో మార్చమన్నారు అన్నవి చదవండి.